క్రైస్తవ విశ్వాసంలో ధనిక, పేద సమానత్వం

ధనవంతుడూ పేదవాడూ దేవుని ముందు ఒక్కటేనన్న మాట క్రైస్తవంలో మొదటి నుంచీ ఉంది. ఆ మాటకు అర్థమేమిటన్న తగువూ మొదటి నుంచీ ఉంది. సమానత్వం పరలోకంలో దక్కేదా, ఆదివారం ఆరాధనలో కంటికి కనబడవలసినదా, లేక పొలం, కూలి, అప్పు దాకా రావలసినదా అని ఇరవై శతాబ్దాలుగా క్రైస్తవులు వాదించుకుంటూనే ఉన్నారు. ఈ వాదం సిద్ధాంత గ్రంథాల్లో కన్నా భోజనాల దగ్గరా, గుడిలో కూర్చునే చోటి దగ్గరా ఎక్కువగా తేలింది. పంక్తిభేదాన్ని ఈ మతం ఎక్కడ వదిలించుకుంది, ఎక్కడ దాచుకుంది అని చూస్తూ పోతే దీని చరిత్ర చాలావరకు అర్థమవుతుంది.

బైబిలు నేపథ్యం

యూదుల ధర్మశాస్త్రం పేదవాడి సంగతిని ఉన్నవాళ్ళ దయకు వదిలిపెట్టలేదు. చేను కోసేటప్పుడు గట్ల వెంబడి పైరు ఉంచెయ్యాలి. రాలిన పరిగె యజమాని ఏరుకోకూడదు, అది పేదలదీ పరదేశులదీ. ఏడేళ్ళకోసారి అప్పులు రద్దు కావాలి. యాభయ్యో ఏడు సునాద సంవత్సరం: కష్టకాలంలో అమ్ముకున్న భూమి తిరిగి పాత కుటుంబానికే చేరాలి. సునాద సంవత్సరం దేశమంతటా నిజంగా అమలైందనడానికి ఆధారాలు దొరకలేదు. అయినా భూమి ఎవరికీ శాశ్వతంగా సొంతం కాదన్న ఆ ఆలోచన తర్వాతి కాలపు ఉద్యమాలెన్నింటికో ఊతమైంది. క్రీ.పూ. 8వ శతాబ్దపు ప్రవక్త ఆమోసు స్వయంగా గొర్రెల కాపరి. దొంగ తూకాలు తూచేవాళ్ళ, చిల్లర బాకీకి మనిషిని అమ్మేసేవాళ్ళ పూజలు దేవుడికి అక్కరలేదని ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు.

యేసు బోధల్లో దీని మీద ఒకే సూత్రం కనబడదు. ఒక ధనికుణ్ణి ఉన్నదంతా అమ్మి పేదలకిచ్చి తన వెంట రమ్మన్నాడు. పన్నులు వసూలు చేసే జక్కయ్య సగం ఆస్తి ఇస్తానంటే సంతోషించాడు. లూకా సువార్త పేదలనే ధన్యులంటుంది. మత్తయి సువార్త అదే చోట మనసులో దీనత ఉన్నవారి గురించి మాట్లాడుతుంది. ఉన్నవాళ్ళకు మత్తయి పాఠమే ఎప్పుడూ సుఖంగా ఉంటూ వచ్చింది. ధనికుడు, లాజరు కథలో మాత్రం తప్పించుకునే సందు తక్కువ. వాకిట్లో కురుపులతో పడి ఉన్న బిచ్చగాడికి పేరుంది, లోపల విందులు చేసుకునేవాడికి పేరే లేదు. ద్రాక్షతోట కూలీల ఉపమానంలో పొద్దున్నే వచ్చినవాడికీ, పొద్దుగూకే ముందు వచ్చినవాడికీ యజమాని ఒకే కూలి ఇస్తాడు. ఆ కథలోని మాటలనే పేరుగా పెట్టుకుని ఆంగ్ల రచయిత జాన్ రస్కిన్ 1860లో ఆర్థికశాస్త్రం మీద వ్యాసాలు రాశాడు. 1904లో దక్షిణాఫ్రికాలో రైలు ప్రయాణంలో ఆ పుస్తకం చదివిన గాంధీ, అందరికీ ఒకే జీతమన్న పద్ధతి మీద ఫీనిక్స్ ఆశ్రమం మొదలుపెట్టాడు. తర్వాత ఆ పుస్తక సారాన్ని సర్వోదయం పేరుతో గుజరాతీలోకి తెచ్చాడు.

యెరూషలేములోని తొలి విశ్వాసులు ఆస్తులు అమ్మి సొమ్ము ఉమ్మడిగా ఉంచుకున్నారనీ, ఎవరికి ఎంత అవసరమో అంత పంచారనీ అపొస్తలుల కార్యములు చెబుతుంది. బర్నబా భూమి అమ్మి తెచ్చిన సొమ్మంతా ఇచ్చాడు. అననీయ, సప్పీర దంపతులు కొంత దాచుకుని అంతా ఇచ్చామని అబద్ధమాడారు. ఆ ముచ్చట ముగియకముందే ఇంకో పేచీ వస్తుంది: రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు అన్యాయం జరుగుతోందని. దాన్ని సర్దడానికే ఏడుగురిని నియమించారు. ఆదర్శ సమాజపు వర్ణనలోనే పంపిణీ తగాదానూ రాసిపెట్టిన ఆ గ్రంథకర్త నిజాయితీ మెచ్చుకోదగ్గది.

అసలు ఘట్టం కొరింథులో జరిగింది. క్రీ.శ. 50ల నాటికి చర్చి భవనాలు లేవు. సంఘం ఎవరో ఒక ఉన్నవాడి ఇంట్లో కూడేది, ప్రభువు భోజనం నిజమైన భోజనంగానే సాగేది. ఆ కాలపు సంపన్నుల భోజనాల గదిలో పట్టేది పదిమంది లోపే. మిగతావాళ్ళు బయటి ముంగిలిలో సర్దుకోవాలి. పురావస్తు ఆధారాలతో ఈ చిత్రాన్ని పండితులు ఊహించి కట్టారు గాని, అపొస్తలుడు పౌలు ఆ సంఘానికి రాసిన పత్రిక దానికి బాగానే అతుకుతుంది. తీరిక ఉన్నవాళ్ళు ముందే వచ్చి తిని తాగేవారు. పని ముగించుకుని వచ్చే కూలీలకూ బానిసలకూ మిగిలేది ఆకలి. అలా తినేది ప్రభువు భోజనమే కాదని పౌలు మండిపడ్డాడు. కానీ ఆయన చెప్పిన పరిష్కారం చూడండి: ఆకలైతే ఇంటి దగ్గర తిని రండి, సంఘంలో మాత్రం ఒకరి కోసం ఒకరు ఆగండి. ఇంట్లో ఎవరి కంచం వారిది, సంఘంలో అందరిదీ ఒకే రొట్టె. గెర్డ్ టైసన్ అనే జర్మన్ పండితుడు దీన్ని రాజీ అన్నాడు. తర్వాతి క్రైస్తవ చరిత్రను ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆ ఇంటికీ సంఘానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న గొడవే అనవచ్చు.

యాకోబు పత్రిక ఇంకా సూటిగా ఉంటుంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు వస్తే మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టల పేదవాణ్ణి నిలబెట్టడమో కాళ్ళ దగ్గర కూర్చోమనడమో పాపమని అది అంటుంది. 3వ శతాబ్దంలో సిరియాలో తయారైన డిడస్కాలియా అనే సంఘ నియమావళి ఈ సంగతినే బిషప్పుకు పనిగా అప్పజెప్పింది. ఘనుడెవరైనా లోపలికొస్తే బిషప్పు తన ప్రసంగం ఆపనక్కరలేదు. వృద్ధుడైన పేదవాడు వచ్చి చోటు దొరకకపోతే మాత్రం బిషప్పు తన ఆసనం ఇచ్చి తాను నేల మీద కూర్చోవలసి వచ్చినా సరే, అతనికి చోటు చూపాలి. గలతీ పత్రికలోని ప్రసిద్ధ సమానత్వ వాక్యంలో యూదుడు, గ్రీసు దేశస్థుడు, దాసుడు, స్వతంత్రుడు, పురుషుడు, స్త్రీ అందరూ ఉన్నారు గాని ధనిక, పేద జంట లేదు. ఆ లోటును ఇలాంటి నియమాలే పూడ్చాయి.

సంఘ పితరులు, మఠాలు

150 ప్రాంతంలో రోములో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసిన దాన్నిబట్టి ఆదివారపు కానుకలు అనాథలకూ, విధవలకూ, ఖైదీలకూ వెళ్ళేవి. 251లో రోము బిషప్ కొర్నేలియస్ తమ సంఘం 1,500 మందికి పైగా విధవలను, దిక్కులేనివారిని పోషిస్తోందని ఉత్తరంలో రాశాడు. అంతకు ముందు రోమన్ నగరాల్లో దాతలు విందులూ ఆటలూ ఏర్పాటు చేసింది తోటి పౌరుల కోసం. పేదవాళ్ళు అనే వర్గం మీద దృష్టి నిలిపి, వాళ్ళను నగరం బాధ్యతగా మార్చింది బిషప్పులేనని చరిత్రకారుడు పీటర్ బ్రౌన్ వాదించాడు. ఆ పనితో బిషప్పుల పలుకుబడి కూడా పెరిగిందని ఆయనే చేర్చాడు.

ధనం దగ్గర రెండు దారులు చీలాయి. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా క్లెమెంట్, వదలవలసింది ధనం మీది ఆశనేనని రాశాడు. సంపన్న నగరంలో బోధించేవాడికి ఆ మాట అవసరమే. 4వ శతాబ్దపు కైసరియ బిషప్ బాసిల్ అక్కడితో ఆగలేదు. వాడకుండా పెట్టెలో మూలిగే బట్ట బట్టలేనివాడిదేనని, ఇవ్వకపోవడం దొంగతనమేనని వాదించాడు. 368-369లో కప్పదొకియలో కరువొచ్చినప్పుడు ధాన్యం దాచినవాళ్ళను ప్రసంగాలతో చీవాట్లు పెట్టి గాదెలు తెరిపించాడు. ఊరి బయట రోగులకూ, కుష్ఠురోగులకూ, బాటసారులకూ ఆయన కట్టించిన సముదాయాన్ని బాసిలియాస్ అన్నారు.

అంతియొకయలో ప్రసంగీకుడిగా పేరుపొంది, 398లో కాన్‌స్టాంటినోపుల్ బిషప్పయిన యోహాను క్రిసొస్తోమ్ లెక్కలు కట్టి మాట్లాడేవాడు. అంతియొకయలో పదో వంతు ధనికులు, పదో వంతు ఏమీ లేనివాళ్ళు, మిగతా అంతా మధ్యస్థులని ఒక ప్రసంగంలో చెప్పి, ఉన్నవాళ్ళందరూ లేనివాళ్ళను పంచుకుంటే ఒక్కొక్కరి మీద పడే భారం ఎంత స్వల్పమో చూపించాడు. అవి జనాభా లెక్కలు కావు, ఉపన్యాసకుడి అంచనాలు. అయినా సమానత్వాన్ని మనసులో నుంచి లెక్కల పుస్తకంలోకి దించిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. బలిపీఠానికి బంగారు పాత్రలిచ్చి వాకిట్లో ఆకలిగొన్నవాణ్ణి దాటిపోవడాన్ని కూడా ఆయన ఎండగట్టాడు. రాజధానిలో రాణి యుడోక్సియా కోపానికి గురై ప్రవాసంలో 407లో చనిపోయాడు. ఆయన పతనానికి చర్చి రాజకీయాలు కూడా కారణమే గనుక, పేదల పక్షాన మాట్లాడినందుకే పోయాడనడం అతిశయోక్తి.

ధనికులకు మోక్షమే లేదనేంత దూరం వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. 4వ శతాబ్దపు గంగ్రా బిషప్పుల సభ అలాంటివాళ్ళను ఖండించింది. చర్చి ప్రధాన స్రవంతి ధనికుణ్ణి లోపలే ఉంచుకుని దానం చేయించే మార్గం ఎంచుకుంది. పూర్తి సమానత్వం మఠాలకు పరిమితమైంది. 6వ శతాబ్దపు బెనెడిక్ట్ నియమావళి ప్రకారం సన్యాసికి సొంత ఆస్తి ఉండకూడదు. మఠంలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది పుట్టుకను బట్టి కాక, చేరిన తేదీని బట్టి తేలుతుంది. అతిథుల్లో పేదలను ఎక్కువ శ్రద్ధగా చూడాలని కూడా అందులో ఉంది. ధనికుణ్ణి గౌరవించమని ఎవరికీ చెప్పనక్కరలేదు, వాళ్ళంటే ఉన్న భయమే ఆ పని చేయిస్తుందన్నది బెనెడిక్ట్ చూపిన కారణం. లోకం తెలిసిన సన్యాసి.

చిక్కేమిటంటే, సొంత ఆస్తి లేని సన్యాసుల మఠాలు మాత్రం పెద్ద భూస్వాములయ్యాయి. 12వ శతాబ్దం చివర లియాన్ వర్తకుడు వాల్డో ఆస్తి పంచేసి బోధకుడైతే అతని అనుచరులను చర్చి వెలివేసింది. బట్టల వ్యాపారి కొడుకు, అస్సీసీ ఫ్రాన్సిస్ అదే పని చేస్తే చర్చి చేరదీసింది. ఆయన 1226లో చనిపోయాక శిష్యులే కొట్టుకున్నారు: సంఘానికి ఉమ్మడి ఆస్తి ఉండవచ్చా? క్రీస్తుకూ అపొస్తలులకూ సొంతంగా గాని ఉమ్మడిగా గాని ఏ ఆస్తీ లేదనడం మతవిరోధమని 22వ యోహాను పోపు 1323లో తేల్చాడు. దానికి అయిదేళ్ళ ముందే, మాట వినని నలుగురు ఫ్రాన్సిస్కన్లను మార్సేలో కాల్చి చంపారు.

రైతులు, బెంచీలు, కార్మికులు

జర్మన్ రైతులు 1525లో మెమ్మింగెన్‌లో రూపొందించిన పన్నెండు కోరికల్లో బైబిలు ఆధారాలు ఉన్నాయి. క్రీస్తు అందరినీ విడిపించాడు కాబట్టి తాము ఎవరికీ కట్టుబానిసలం కామని వాళ్ళు వాదించారు. ఆత్మ సంబంధమైన స్వేచ్ఛను లౌకిక హోదాతో కలపకూడదని మార్టిన్ లూథర్ జవాబిచ్చాడు, తిరుగుబాటు ముదిరాక దాన్ని కత్తితో అణచమన్నాడు. పౌలు గీసిన గీతను ఆయన గోడగా లేపాడని చెప్పక తప్పదు. 1528లో ఉమ్మడి ఆస్తితో బతకడం మొదలుపెట్టిన హట్టరైట్లు ఇప్పటికీ కెనడా, అమెరికా పొలాల్లో సమష్టి కుటుంబాలుగా ఉన్నారు. ఇంగ్లండులో 1649లో జెరార్డ్ విన్‌స్టాన్లీ బృందం సెయింట్ జార్జ్ కొండ మీద బంజరును ఉమ్మడిగా దున్నింది. చుట్టుపక్కల భూస్వాములు దాన్ని ఎంతోకాలం సాగనివ్వలేదు.

ఆ తర్వాతి రెండు వందల ఏళ్ళలో ఇంగ్లండు, అమెరికా చర్చిల్లో పంక్తిభేదానికి ధర కూడా కట్టారు. కుటుంబాలు బెంచీలను అద్దెకు తీసుకునేవి, కొన్నిచోట్ల కొనేవి కూడా. వేదికకు దగ్గరవి ఖరీదు, వెనకవీ పై అంతస్తువీ పేదలకు. పాదిరి జీతం ఈ అద్దెల మీదే గడిచేది గనుక తప్పని తెలిసినా తీసేయడం కష్టమైంది. 1860లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన ఫ్రీ మెథడిస్టు చర్చి పేరులోని స్వేచ్ఛకు ఉన్న అర్థాల్లో ఒకటి అద్దెలేని బెంచీ, ఇంకొకటి బానిసత్వ వ్యతిరేకత. 1865లో లండన్ తూర్పు పేటల్లో విలియం బూత్ మొదలుపెట్టిన పని తర్వాత సాల్వేషన్ ఆర్మీ అయింది. మంచి బట్టలు లేక చర్చికి రాలేనివాళ్ళ దగ్గరికి అది తానే వెళ్ళింది.

కత్తోలిక చర్చి కార్మికుల సంగతిని అధికారికంగా పట్టించుకున్నది 1891 మే 15న, 13వ లియో పోపు వెలువరించిన రేరుం నోవారుం లేఖతో. సొంత ఆస్తి హక్కును అది సమర్థించింది, వర్గపోరాటాన్ని కాదంది. అయితే కార్మికుడు బతకగలిగేంత కూలి ఇవ్వడం దానం కాదని, న్యాయమని, కార్మికులు సంఘాలు పెట్టుకోవచ్చని చెప్పింది. లాటిన్ అమెరికా దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. 1968 మెడెలీన్ బిషప్పుల సభ పేదరికాన్ని వ్యవస్థలోని అన్యాయంగా వర్ణించింది. 1971లో పెరూ పాదిరి గుస్తావో గుతియెరెస్ విమోచన వేదాంతం మీద పుస్తకం రాశాడు. 1984లో వాటికన్ మార్క్సు ప్రభావం మీద హెచ్చరిక చేసింది. ఎల్ సాల్వడార్‌లో పేదల పక్షాన మాట్లాడిన ఆర్చిబిషప్ ఆస్కార్ రొమెరోను 1980 మార్చి 24న పూజ చేస్తుండగా కాల్చి చంపారు. చర్చి ఆయనను పునీతుడిగా ప్రకటించడానికి 2018 దాకా పట్టింది.

తెలుగు నేలలో

తెలుగు ప్రాంతంలో ఈ ప్రశ్నకు డబ్బుతో పాటు కులం తోడైంది. 1866లో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి మొదట వచ్చింది బ్రాహ్మణ విద్యార్థులు. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య బంధువులతో వస్తుండేసరికి, వాళ్ళను చేర్చుకుంటే మేం రామని పైకులాలవాళ్ళు కబురుపెట్టారు. ఆ రాత్రి తానూ భార్యా వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథు పత్రికలోని ఒకే భాగం కనబడిందని క్లౌ రాసుకున్నాడు: దేవుడు లోకంలో నీచులైనవారిని ఏర్పరచుకున్నాడనే భాగం. మాదిగలను చేర్చుకున్నాడు, పైకులాల పిల్లలు బడి వదిలిపోయారు.

కొత్త విశ్వాసులకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. ఇవి మతనియమాల్లా కనబడతాయి గాని, వెట్టిచాకిరీ చేసేవాడు వారానికో రోజు రానని చెప్పడం ఆ రోజుల్లో ఊరి కట్టడి మీద తిరుగుబాటే. జాతరలో డప్పు కొట్టనన్నా అంతే. ఊరి పెద్దలు బావులు మూసి, పనులు మాన్పించి బదులు తీర్చుకున్నారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకుండా కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో ఆంగ్లికన్, లూథరన్ మిషన్లలో మాలలు ఎక్కువగా చేరితే, ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువయ్యారు. గుంటూరు జిల్లా కత్తోలికుల్లో కమ్మ, రెడ్డి కుటుంబాలూ ఉన్నాయి. ఏ చర్చి అని అడిగితే కులం తెలిసిపోయే పరిస్థితి అలా ఏర్పడింది. 1912లో దోర్నకల్ పీఠానికి వచ్చిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన ఆయన మాల, మాదిగ విశ్వాసులు ఒకే బల్ల దగ్గర ప్రభువు భోజనం తీసుకోవాలని పట్టుబట్టాడు. పేదవాడు కూడా ఇచ్చేవాడుగా ఉండాలని నేర్పాడు, క్రైస్తవ దానం మీద పుస్తకం కూడా రాశాడు. పుచ్చుకునేవాడు ఎప్పటికీ సమానుడు కాలేడన్న ఎరుక అందులో ఉంది. ఇప్పటికీ పల్లె సంఘాల్లో కోతల పండుగకు గుమ్మడికాయ, కోడి, కుంచెడు వడ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. అక్కడ హెచ్చుపాట ఎవరిదో వేరే చెప్పక్కరలేదు.

చాపల మీద కూర్చునే సంఘానికి బెంచీ అద్దె బాధ లేదు. కానీ మిషన్ బడుల్లో చదివి ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు అయినవాళ్ళకూ, కూలికి వెళ్ళేవాళ్ళకూ మధ్య ఎడం ఒకే పేటలో పెరిగింది. సంఘ పెద్దల పదవులు మొదటివారికే వెళ్ళాయి. ఇటీవలి పెంతెకొస్తు ధోరణుల్లో విశ్వాసానికి ఫలంగా ఇల్లు, కారు, వీసా కూడా చేరాయి. ఆ బోధ పేదవాడికి తలెత్తుకునే ధైర్యం ఇస్తుందని సమర్థించేవారున్నారు. అయితే దాని ప్రకారం పేదవాడిగా మిగిలిపోయినవాడు విశ్వాసం చాలనివాడవుతాడు, యాకోబు పత్రిక రాసినవాడు ఊహించని ఇంకో పంక్తిభేదం ఇది.

చట్టం దగ్గర సమానత్వ సిద్ధాంతమే అడ్డం తిరిగింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన షెడ్యూల్డ్ కులాలవారు వెనకబడిన తరగతుల్లో సి వర్గం కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌తో ఉన్నారు. క్రైస్తవంలో కులం లేదు కదా అన్నది ప్రభుత్వాల వాదన. మద్రాసులో రోడ్డు పక్క చెప్పులు కుట్టే ఒక క్రైస్తవుడు, తోటి చెప్పులు కుట్టేవాళ్ళకు ఉచితంగా ఇస్తున్న బంకు తనకు మతం కారణంగా రాలేదని సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. మతం మారాక కూడా కులం మిగిలి ఉందని చూపితే చాలదని, పాత వివక్ష అంతే తీవ్రంగా కొత్త మతంలోనూ సాగుతోందని రుజువు చేయాలని 1985లో కోర్టు చెప్పి పిటిషన్ కొట్టేసింది. 2016 డిసెంబరులో భారత కత్తోలిక బిషప్పుల సమాఖ్య దళితుల గురించిన విధాన పత్రంలో, చర్చిలో అంటరానితనం, వివక్ష ఉన్నాయని రాతపూర్వకంగా ఒప్పుకుంది. కర్నూలు జిల్లాలో పుట్టిన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల అంతోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యాడు, దళితుల నుంచి ఆ స్థానానికి వెళ్ళిన మొదటివాడు. అదే ఏడు అక్టోబరులో, దళిత క్రైస్తవులకూ ముస్లింలకూ షెడ్యూల్డ్ కులాల హోదా ఇవ్వవచ్చా అన్నది పరిశీలించడానికి సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రప్రభుత్వం కమిషన్ వేసింది.